పాత అద్దె

మాస్టారి మీద ఉన్న సాక్ష్యం అంతా కలిపితే ఒక్క మాట. నిన్న సాయంత్రం నాలుగున్నరకి ఆయన మూడో అంతస్తు నుంచి మెట్ల మీద పరుగెత్తుకుంటూ దిగడం మొదటి అంతస్తు టైలరు చూశాడు. ఆరింటికి ఆ మూడో అంతస్తులోనే, రెండేళ్ళుగా తాళం వేసి ఉన్న ఇంట్లో, అద్దె ఇళ్ళ బ్రోకరు శవం కనబడింది. మధ్యలో మిగిలిన గంటన్నరని ఇన్‌స్పెక్టరు తనకి తోచినట్టు నింపుకుని మాస్టార్ని లోపలేశాడు.

"సాయంత్రం అయిదింటికి కోర్టులో పెడతారంటక్కా," అంది మాస్టారి భార్య. రాత్రంతా ఏడ్చిందేమో, గొంతు బొంగురుపోయింది. "అక్కడికెళ్ళాక ఇక మన చేతుల్లో ఉండదంట కదా?"

ఉండదు. కానీ ఆ మాట అప్పుడు చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. ఇద్దరం వాళ్ళింటి గుమ్మం ముందు, రెండో అంతస్తు మెట్ల మీద నిలబడ్డాం.

నేను డిటెక్టివ్‌ని. పేరు గొప్ప, ఊరు దిబ్బ. హంతకుల్ని పట్టుకోవడం నాకు ఎప్పుడో గానీ తగలదు. అద్దెకి రాబోయేవాళ్ళు ఎలాంటివాళ్ళో ఆరా తీసి ఓనర్లకి చెప్పడం నా రోజువారీ పని. ఎనిమిదేళ్ళ కింద ఈ కుటుంబం గురించి వాకబు చేసింది కూడా నేనే. బడిలో డ్రాయింగ్ చెప్పే మాస్టారు, ల్యాబులో రక్తం తీసే భార్య, గొడవలు లేవు, అప్పులు లేవు, ఇల్లు శుభ్రంగా ఉంచుతారు అని చెప్పాను. ఆ మాట మీదే వాళ్ళకి ఈ ఇల్లు దొరికింది. అది గుర్తుపెట్టుకునే ఇవాళ పొద్దున్నే ఆ పిల్ల నా గుమ్మం ముందు కూర్చుంది.

"మీ ఆయన అసలు పైకెందుకు వెళ్ళాడు?"

"దబ్బుమని చప్పుడైందంట. నేను డ్యూటీలో ఉన్నాను, పాప ఇంకా బడి నుంచి రాలేదు. ఏంటా అని పైకెళ్ళాడు. తలుపు ఓరగా తీసుందంట. ఆ మనిషి వంటగది గడప దగ్గర పడున్నాడంట. ఫోన్ చేద్దామంటే అక్కడ సిగ్నల్ లేదు. అందుకే కిందికి పరుగెత్తాడు."

"మరి కిందికొచ్చాక చెయ్యలేదే?"

"చేశాడక్కా. మొదట నాకు చేశాడు. నేను ఎత్తలేదు, సూది చేతిలో ఉంది." ఆ మాట దగ్గర ఆమె ఆగిపోయింది. "తర్వాత భయపడిపోయాడు. అంతకు ముందురోజే అద్దె పెంచే విషయంలో ఆ బ్రోకరూ ఈయనా వీధి వీధంతా వినేలా అరుచుకున్నారు. నన్నే అంటారు అనుకుని ఇంట్లో కూర్చుండిపోయాడు. అది తప్పే. కానీ చంపడం వేరు కదక్కా."

వేరే. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, పైన ఎవరు ఎవర్ని పడేశారో గానీ పిడుగు మాత్రం ఈ మాస్టారి మీద పడింది.

"పైన ఎవరూ ఉండరుగా?"

"ఉండరనే అందరూ అంటారు. కానీ తెల్లారుజామున మా బాత్రూం పక్క పైపులో నీళ్ళు దిగుతుంటాయి. పైన ఎవరో ఉంటున్నారని ఆయన నెలల నుంచీ అంటూనే ఉన్నాడు. మీ చెవులు గోల పెడుతున్నాయని నేనే కొట్టిపారేశాను. నిన్న ఇన్‌స్పెక్టర్ గారికి కూడా చెప్పాడంట."

"ఆయనేమన్నాడు?"

"ఏమీ అనలేదంట. రాసుకోలేదంట కూడా."

ఆ మాట నేను మనసులో విడిగా పెట్టుకున్నాను.

మెట్ల కిటికీలోంచి వెనకవైపు బాల్కనీలన్నీ కనిపిస్తాయి. ఇంటి గురించి ఆరా తీయడానికి ఎక్కడికెళ్ళినా నేను ముందు చూసేది ఆరేసిన బట్టల్నే. మనుషులు అబద్ధం చెప్తారు, బట్టలు చెప్పవు. ఎనిమిదేళ్ళ కింద ఈ తీగల నిండా పిల్లల గౌన్లు, బడి యూనిఫారాలు, ముసలివాళ్ళ దుప్పట్లు ఉండేవి. ఇప్పుడు ఏ తీగ చూసినా ఒకే సైజు టీషర్టులు, ఒకే రకం జీన్సు ప్యాంట్లు. ఇంటికి నలుగురైదుగురు కుర్రాళ్ళు. మొత్తం భవనంలో చిన్న గౌను ఒక్కటే ఆరుతోంది, అది ఈ ఇంటిదే.

"బళ్ళో కూడా అంతే," అంది నా చూపు గమనించి. "ఒకటో తరగతి రెండు సెక్షన్లు కలిపేశారు. పిల్లలున్న వాళ్ళెవరూ ఈ చుట్టుపక్కల ఉండలేకపోతున్నారు. మేమూ వెతికాం. మా ఇద్దరి జీతాలకి దొరికేవి రెండు బస్సులు మారితే గానీ రావు. ఓనరమ్మ నిన్న రాత్రే కబురు పెట్టారు, నెలాఖరుకి ఖాళీ చెయ్యమని. పోలీసు కేసైతే ఉండనివ్వరంట, అగ్రిమెంట్‌లో ఉందంట. ఇల్లు పోతే పోనివ్వండక్కా. ఆయన్ని ఇంటికి తీసుకురండి."

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. అద్దెకి వెతికి చూడు అనలేదు. వాళ్ళ కాలంలో ఆ కష్టం ఇంత ముదరలేదు కాబోలు.

* * *

ఓనరమ్మ కింద తన ముందుగదిలో కూర్చుని టులెట్ బోర్డు తుడుస్తోంది. పాత టేపు మరకల్ని గోటితో ఓపిగ్గా గీకుతోంది. అరవై దాటిన మనిషి, సన్నగా నిటారుగా ఉంటుంది. నాకు ఆవిడ చాలాసార్లు పనిచ్చింది. ఇచ్చిన ప్రతిసారీ నా ఫీజులో కొంత కోసింది.

"ఏ ఇంటికమ్మా ఆ బోర్డు?"

"రెండో అంతస్తుకి."

"వాళ్ళింకా ఖాళీ చెయ్యలేదు."

"చేస్తారు. అగ్రిమెంట్ నేను రాసింది కాదు, మా ఆయన రాసిందే."

"పాత అద్దె పెంచకూడదని రాసింది కూడా ఆయనేగా?"

"ఆయన మెతక మనిషి." బోర్డు వెలుతురుకి పట్టి చూసుకుంది. "కుటుంబాన్ని పెడితే ఒక జీతమో, ఒకటిన్నరో. నలుగురు కుర్రాళ్ళని పెడితే నాలుగు జీతాలు. ఇందులో నా తప్పేముంది చెప్పండి. ఊళ్ళో ఎవరు చేయట్లేదు?"

"మూడో అంతస్తుని మాత్రం రెండేళ్ళు ఖాళీగా ఎందుకుంచారు?"

"నేను చెప్పిన రేటుకి ఎవరూ రాలేదు."

"కొంచెం తగ్గిస్తే వచ్చేవాళ్ళు కదా."

చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. "దానికి తగ్గిస్తే మిగతావాళ్ళంతా మాకూ తగ్గించమని వచ్చి కూర్చుంటారు. ఖాళీగా ఉంటే ఒక ఇంటి అద్దె పోతుంది. తగ్గిస్తే అన్ని ఇళ్ళదీ పోతుంది. ఈ వీధిలో మీరు చూసే చీకటి కిటికీలన్నీ అలాంటివే."

నేను ఆ వీధిలో ఇరవై ఏళ్ళుగా తిరుగుతున్నాను. ఆ చీకటి కిటికీల వెనక జనం ఊళ్ళకి వెళ్ళారనుకునేదాన్ని. తలదాచుకోడానికి చోటు లేక మనుషులు ఊరి చివరికి పోతుంటే, ఊరి మధ్యలో గదులు తాళాలేసుకుని కూర్చున్నాయన్నమాట. నాకు కోపమొచ్చింది. కోపం చూపిస్తే ఈవిడ నోరు మూసుకుంటుందని తమాయించుకున్నాను.

"ఆ ఇంటి తాళంచెవులు ఎన్ని?"

"రెండు. ఒకటి నాది. ఇంకోటి తాళంగుత్తిది."

బ్రోకరుని వీధంతా తాళంగుత్తి అనే పిలిచేది. నడుముకి పెద్ద గుత్తి వేలాడుతుండేది. మనిషి కన్నా ముందు ఆ చప్పుడు వచ్చేది.

"మీరు పైకెళ్ళి ఎన్నాళ్ళైంది?"

"రెండేళ్ళు. ఈ మోకాళ్ళతో మూడంతస్తులు నావల్ల కాదు."

"నిన్న నాలుగున్నరకి ఎక్కడున్నారు?"

"ఇక్కడే. టీ తాగుతున్నాను."

"ఎవరైనా చూశారా?"

"నా ఇంట్లో నేను టీ తాగడానికి కూడా సాక్షులు కావాలా?" అని మళ్ళీ టేపు మరకలు గీకడం మొదలుపెట్టింది.

* * *

మూడో అంతస్తు తలుపు దగ్గర ఒక పొడుగు కానిస్టేబుల్ కాపలా ఉన్నాడు. లోపలికి వెళ్ళనివ్వాలా వద్దా అని అతను తేల్చుకునేలోపే నేను గడప దాటాను.

అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు ముందు గోడలు చూస్తారు. నేను ముక్కుతో చూస్తాను. పధ్నాలుగు ఇళ్ళు మారినదాన్ని, ఇది ఇళ్ళే నాకు నేర్పాయి. బాత్రూంలో నీళ్ళు పోయే జాలీ కింద కాసిని నీళ్ళు ఎప్పుడూ నిలిచి ఉంటాయి. మురుగు వాసన పైకి రాకుండా అడ్డుకునేవి అవే. ఇల్లు కొన్నాళ్ళు మూసిపెడితే ఆ నీళ్ళు ఆరిపోతాయి. ఇక ఆ ఇంట్లో అడుగుపెడితే ముక్కు మూసుకోవాల్సిందే, బొద్దింకలు సరేసరి.

ఈ ఇంటికి తాళం పడి రెండేళ్ళు. వాసన లేదు. బాత్రూంలోకి వెళ్ళి జాలీ ఎత్తి చూశాను. నీళ్ళు నిండుగా, తేటగా ఉన్నాయి.

ముందుగదిలో దుమ్ము దట్టంగా ఉంది. పడగ్గదిలో ఒక మూల మాత్రం, మనిషి పడుకునేంత మేర, నేల నున్నగా ఉంది. చాపో బొంతో అక్కడ ఉండి ఉండాలి, ఇప్పుడు లేదు. వంటగది గడప దగ్గర సుద్దముక్కతో గీసిన గీత ఉంది. గడప రాయి అంచున ఎండిన రక్తం. తాళంగుత్తి వెనక్కి పడ్డాడు, తల వెనక భాగం ఆ అంచుకి తగిలింది. ఎదురుగా నిలబడి మాట్లాడుతున్న మనిషి రెండు చేతులతో ఒక్క తోపు తోస్తే చాలు. దానికి పెద్ద బలం కూడా అక్కర్లేదు.

వంటగది పక్కన బాల్కనీ తలుపు. గడియ తీసి లాగాను, రాలేదు. కానిస్టేబుల్‌ని పిలిచాను. అతను రెండు చేతులతో లాగాడు, భుజంతో తోశాడు.

"నిన్న కూడా రాలేదండీ," అన్నాడు రొప్పుతూ. "సారే వద్దులే, వదిలెయ్ అన్నారు. ఎవరూ తియ్యలేదు."

"ఏంటి ఇక్కడ సంత?" అని వెనక నుంచి గొంతు వినిపించింది.

ఇస్త్రీ ఇన్‌స్పెక్టరు. ఆ పేరు నేను పెట్టింది కాదు, స్టేషన్లో అందరూ అనేదే. ఎండలో వానలో ఎక్కడ తిరిగినా అతని చొక్కా మడత చెదరదు. ఆరేళ్ళుగా మా ఇద్దరికీ పడదు. రెండు కేసుల్లో అతను పట్టుకున్నవాడు కాదని నేను తేల్చాను. అది అతను మర్చిపోలేదు, నేనూ మర్చిపోనివ్వలేదు.

"అద్దెల వాకబు మీ పని. హత్యల సంగతి మేం చూసుకుంటాం," అన్నాడు.

"వాకబే చేస్తున్నానండీ. ఈ ఇంట్లో ఎవరుంటున్నారా అని."

"ఎవరూ ఉండట్లేదు. రెండేళ్ళుగా ఖాళీ."

"మాస్టారు అలా చెప్పలేదంట కదా మీకు."

"దొరికినవాడు లక్ష చెప్తాడు. అద్దె పెంచుతానన్నాడని ముందురోజు గొడవ. మర్నాడు ఆ బ్రోకరు ఒంటరిగా దొరికాడు. పైకొచ్చాడు, తోశాడు, పారిపోయాడు. టైలరు చూశాడు. ఇంకేం కావాలి?"

"ఈ ఇంట్లోకి మీరు రావడం నిన్నే మొదటిసారా?"

"కాకపోతే?"

సరిగ్గా అప్పుడే అతని ఫోన్ మోగింది. ఎత్తి "ఆఁ బంగారం" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు, అంత మెత్తగా ఉంది. అవతల చిన్నపిల్ల ఏదో అంటోంది, మాట తెగి తెగి వస్తోంది. "వినపడట్లేదు, ఉండు, ఉండు" అంటూ అతను వంటగదిలోకి నడిచాడు. ఎడమచేత్తో బాల్కనీ తలుపు పిడి పట్టుకుని కొంచెం పైకెత్తాడు. మోకాలితో కింద ఒక పోటు పొడిచాడు. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. బయటికి వెళ్ళి, కుడివైపు మూలకి జరిగి నిలబడి, కూతురితో మాట్లాడుకున్నాడు.

కానిస్టేబుల్ నా వంక చూశాడు. నేను గోడ వంక చూశాను.

* * *

ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చేసరికి నేను కానిస్టేబుల్‌ని టీ తెమ్మని పంపించేశాను.

"ప్రతి ఇంటికీ ఒక తిక్క ఉంటుందండీ," అన్నాను. "ఒకచోట కుళాయి అటు తిప్పాలి, ఒకచోట గడియ నొక్కి పెట్టాలి. చేరిన కొత్తలో ఆ ఇంటిని తిట్టుకుంటాం. నాలుగు నెలలు పోయాక తిట్టుకోవడం మానేస్తాం, చెయ్యి దానంతట అదే నేర్చుకుంటుంది. ఈ తలుపు నాకు రాలేదు. మీ కానిస్టేబుల్‌కి నిన్నా రాలేదు, ఇవాళా రాలేదు. మీకు ఫోన్ మాట్లాడుతూ ఎడమచేత్తో వచ్చింది. సిగ్నల్ ఏ మూలకి వస్తుందో కూడా మీకు తెలుసు."

అతను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. ఒకసారి తలుపు వంక చూశాడు. తలుపే తనని పట్టిచ్చినట్టు చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

అతను టోపీ తీసి పక్కన పెట్టాడు. తర్వాత వంటగది గట్టుకి ఆనుకున్నాడు. చొక్కా నలుగుతుందన్న ధ్యాస కూడా లేదు.

"ఏడు నెలలు," అన్నాడు. "మా క్వార్టర్స్ కూల్చేశారు, కొత్తవి కడతామని. ఇంకా కట్టలేదు. స్టేషన్ పరిధిలోనే ఉండాలని మాకు రూలు. పరిధిలో ఒక గది కూడా నా జీతానికి రాదు. పెళ్ళాం బిడ్డని అత్తారింటికి పంపేశాను. కొన్నాళ్ళు స్టేషన్లో బెంచీ మీద పడుకున్నాను. తాళంగుత్తి చూసి జాలిపడ్డాడో, రేపు అవసరానికి పనికొస్తాననుకున్నాడో, ఒక చెవి చేయించి ఇచ్చాడు. చీకటి పడ్డాక రా, తెల్లారకముందే పో, లైటు వెయ్యకు అన్నాడు. రాత్రిపూట గస్తీ తిరిగి దొంగల్ని పట్టుకుని, దొంగలా ఇక్కడికొచ్చి పడుకునేవాణ్ణి."

నాకు జాలేసింది. దాంతోపాటు ఒళ్ళు మండింది కూడా. రెండూ ఒకేసారి వస్తే మనిషి ఏం మాట్లాడాలో తెలీదు.

"మీ గుట్టు దాచుకోడానికి ఒకణ్ణి జైలుకి పంపుతారా?"

"చంపింది అతనేననుకున్నాను. నిజంగానే అనుకున్నాను." ఆగాడు. "అనుకోవాలనుకున్నాను. నాలుగున్నరకి నేను స్టేషన్లో ఉన్నాను, అది అందరూ చూశారు. చంపింది నేను కాదు. కానీ పైన ఎవరో ఉంటున్నారని అతని వాంగ్మూలంలో రాస్తే, ఎవరని అడుగుతారు. అందుకే రాయలేదు. రాత్రికి రాత్రి నా చాప, బకెట్టు తీసేశాను."

"తాళంగుత్తికి మీకు గొడవేమైనా ఉందా?"

"గొడవ లేదు. పోయినవారం వచ్చి తాళంచెవి తిరిగి ఇచ్చెయ్యమన్నాడు. ఓనరమ్మకి తెలిసిపోయిందంట. ఒకరోజు పగలు పైకొచ్చి చూసిందంట, బాత్రూంలో బకెట్టు నిండుగా ఉందంట. ఊరికే ఒకరికి ఇచ్చావని తెలిస్తే నా అద్దెలు ఎవరు కడతారని వాణ్ణి పట్టుకుని దులిపేసిందంట."

"ఆవిడ ఈ మెట్లెక్కి రెండేళ్ళైందని ఇందాకే నాకు చెప్పింది."

 కింద వీధిలో ఎవరో ఇంటి సామాను ట్రాలీలోకి ఎక్కిస్తున్నారు, బీరువా గీసుకుంటున్న చప్పుడు వస్తోంది.

"ఇన్ని తెలిసి ఆవిణ్ణి ఒక్క ప్రశ్న అడగలేదు మీరు," అన్నాను.

"అడిగితే, పైన ఉంటున్నది ఎవరని ఆవిడ నన్ను అడుగుతుంది."

నిజమే. అతని నోటికి ఆవిడ తాళం వెయ్యక్కర్లేకపోయింది, అతనే వేసుకున్నాడు. ఆవిడకి ఆ సంగతి తెలిసి ఉండాలి. లేకపోతే హత్య జరిగిన మర్నాడు అంత నింపాదిగా బోర్డు తుడుచుకుంటూ కూర్చోలేదు.

"మూడు దాటింది," అన్నాను. "స్టేషన్‌కి ఫోన్ చెయ్యండి. మాస్టార్ని కోర్టుకి పంపొద్దని చెప్పండి. మీ సంగతి తర్వాత మీరే చెప్పుకుందురు గాని."

అతను కాదనలేదు. బాల్కనీలోకి వెళ్ళాడు. నేను గుమ్మంలో నిలబడి అతని వీపు చూస్తున్నాను. అతను మాట్లాడింది తక్కువ, విన్నది ఎక్కువ. వింటున్నకొద్దీ భుజాలు కిందికి దిగిపోయాయి. వెనక్కి తిరిగినప్పుడు మొహంలో నెత్తురు లేదు.

"మాస్టారు ఒప్పుకున్నాడంట," అన్నాడు. "తనే తోశానని సంతకం పెట్టేశాడంట."

"కొట్టారా?"

"లేదు. ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడే, ఒక పావుగంట కింద, తనే రైటర్ని పిలిచి రాసుకోమన్నాడంట. దానికి ముందు ఓనరమ్మ వచ్చిందంట. పాపం మంచివాడు, ఒకసారి చూసి పోతానని అడిగితే వదిలారంట. పది నిమిషాలు మాట్లాడి వెళ్ళిపోయిందంట."

నేను పైకి వచ్చిన కాసేపటికే ఆవిడ బోర్డు పక్కన పెట్టి బయల్దేరిందన్నమాట. నా ప్రశ్నలే ఆవిణ్ణి తొందరపెట్టి ఉంటాయి. పది నిమిషాల్లో ఏం చెప్తే ఒక మనిషి చెయ్యని హత్య ఒప్పుకుంటాడు? బెదిరిస్తే ఒప్పుకునే రకం కాదు మాస్టారు. ముందురోజు వీధిలో నిలబడి అరిచినవాడు.

నేనూ బాల్కనీలోకి వెళ్ళి ఆయన భార్యకి ఫోన్ చేశాను. ఇన్‌స్పెక్టరుకి వినబడేలా స్పీకరు పెట్టాను.

"అక్కా, నేనే చేద్దామనుకుంటున్నా," అంది. గొంతు విచ్చుకుంది. పొద్దుటి మనిషేనా అనిపించింది. "ఓనరమ్మ గారు ఇప్పుడే వచ్చారు. మమ్మల్ని ఖాళీ చెయ్యక్కర్లేదన్నారు. పాప చదువు పూర్తయ్యేదాకా, ఎన్నేళ్ళైనా, పాత అద్దెకే ఉండమన్నారు. కాగితం మీద రాసి కూడా ఇచ్చారక్కా."

"ఎందుకంటమ్మా అంత దయ?"

"ఆయనతో మాట్లాడొచ్చారంట. ఆయన సంగతి కూడా తనే చూసుకుంటానన్నారు. అన్నం కూడా పొయ్యి మీద పెట్టేశాను. ఆయన ఎన్నింటికి వస్తారో మాత్రం చెప్పట్లేదు. ఇన్‌స్పెక్టర్ గారు మీ దగ్గరే ఉంటే కొంచెం అడుగుతారా?"

ఇన్‌స్పెక్టరు తల పక్కకి తిప్పుకున్నాడు.

"ఆ పాప ఏ క్లాసు?" అన్నాడు, నాకు మాత్రమే వినబడేలా.

"మూడు."

మాస్టారు వేసుకున్న లెక్క అతనికీ అర్థమైంది. కూతురి చదువయ్యేదాకా వాళ్ళకి ఇల్లు. తనకి జైలు. రెండు జీతాలతో ఈ చుట్టుపక్కల ఎన్నటికీ సంపాదించలేనిది, ఒక్క సంతకంతో సంపాదించానని అనుకుని ఉంటాడు ఆ పిచ్చివాడు.

"ఓనరమ్మ వెళ్ళిపోయారా?" అని అడిగాను.

"లేదక్కా, ఎదురుగానే కూర్చున్నారు. మీతో మాట్లాడతారంట."

ఫోన్ చేతులు మారింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారు. ఆవిడ గొంతులో ఎప్పుడూ లేని మర్యాద వినబడింది.

"డిటెక్టివ్ గారూ, పైన ఇల్లు చూశారుగా. ఎలా ఉంది?"

"బాగుందమ్మా."

"మీరూ అద్దె కొంపల్లోనే తిరుగుతున్నారు కదా ఇన్నేళ్ళూ. ఈ వయసులో ఇంకెన్ని మారతారు. ఆ ఇల్లు మీరు తీసుకోండి. అద్దె మీరెంతంటే అంతే. కాగితం రాసిస్తాను, మీరున్నన్నాళ్ళూ ఎవరూ కదిలించరు."

రెండేళ్ళు గాలి కూడా చొరనివ్వకుండా తాళమేసి కూర్చున్న మనిషి, ఒక్క పూటలో రెండిళ్ళు పంచిపెడుతోంది. ఇంతకన్నా పెద్ద వాంగ్మూలం నాకు ఇంకెవరూ ఇవ్వక్కర్లేదు.

కానీ నిజం చెప్పాలి. నేను వెంటనే జవాబు చెప్పలేదు. బాల్కనీలోకి మంచి గాలి వస్తోంది. ఇక్కడ ఒక కుర్చీ, అక్కడ నా పుస్తకాల బీరువా, ఇక సామాను ఎప్పుడూ కట్టక్కర్లేదు. అంతా ఒక్కసారి కళ్ళ ముందు కదిలింది. స్టేషన్లో ఆ పది నిమిషాలు మాస్టారికి ఎలా గడిచి ఉంటాయో అప్పుడు నాకు తెలిసింది.

"నాకు నచ్చిందమ్మా," అన్నాను. "మీరక్కడే కూర్చోండి. నేను కిందికొచ్చి మాట్లాడతాను."

ఇన్‌స్పెక్టరు అప్పటికే టోపీ పెట్టుకుని మెట్లు దిగుతున్నాడు.